రెండు గొట్టాల డెరింజర్: వేలి నొప్పి, బరువైన ట్రిగ్గర్, కిందికి పోతున్న గురి

కొత్తమడి (వెదర్‌ఫర్డ్, టెక్సాస్)

అందరికీ నమస్కారం. ఊరికి దూరంగా కొంత భూమి కొన్నాం. సున్నపురాతి నేల. కంచె వెంట రాళ్లు, నాగజెముడు పొదలు, వాటి సందుల్లో గిలక పాములు (రాటిల్‌స్నేక్‌లు). కంచె బాగుచేయడానికి వెళ్లినప్పుడు నడుముకు పెట్టుకుని మరచిపోయేంత చిన్న తుపాకీ కావాలని చాలాకాలం చూసి, బాండ్ ఆర్మ్స్ వారి స్నేక్ స్లేయర్ అనే డెరింజర్ (అరచేతిలో పట్టే చిన్న పిస్టల్) తీసుకున్నాను. మూడున్నర అంగుళాల గొట్టాలు, ఒకదాని మీద ఒకటి. .45 కోల్ట్ తూటా గానీ, .410 షాట్‌గన్ తూటా గానీ వేసుకోవచ్చు. తయారయ్యేది మాకు దక్షిణాన గ్రాన్‌బరీలోనే. స్టెయిన్‌లెస్ ఉక్కు పని ఎంత శుభ్రంగా ఉందంటే, గొట్టాలు మూసినప్పుడు కీలు దగ్గర వెంట్రుక దూరే సందు కూడా కనిపించదు.

సమస్య పేల్చడంలో వచ్చింది. .410 తో మూడు గజాల్లో బాగానే ఉంది. .45 కోల్ట్ వేస్తే ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడ్డీ) వెనక్కి వచ్చి నడిమి వేలి కణుపు మీద కొడుతోంది. ట్రిగ్గర్ చాలా బరువు. 7 గజాల్లో తూటాలన్నీ ఎడమవైపు కిందికి పోతున్నాయి. నాది కుడిచేతి వాటం. ఈ తుపాకీ స్వభావమే ఇదా, లేక నేను పట్టుకునే తీరు మార్చుకోవాలా? మా ఆవిడ కూడా నేర్చుకుంటానంటోంది. దీనితోనే మొదలుపెట్టించవచ్చా?

ఉక్కునగరం (హ్యూస్టన్)

కొత్తమడి గారూ, ముందు ట్రిగ్గర్ సంగతి చూద్దాం, మిగతావాటికి అదే మూలం. మామూలు పిస్టల్ ట్రిగ్గర్‌ను నిటారుగా వెనక్కి లాగుతాం. డెరింజర్ ట్రిగ్గర్ ఇరుసు అమరిక వేరు. దాన్ని వెనక్కీ కిందికీ కలిపి లాగాలి, వేలిని పిడి అడుగుభాగం వైపు దించుతున్నట్టు. ఒకసారి ఖాళీ తుపాకీతో రెండు విధాలా లాగి చూడండి. నేరుగా వెనక్కి లాగినప్పుడు రాయిలా అనిపించేది, కిందికి లాగితే సగం బలానికే జారుతుంది. నేరుగా లాగుతూ బలం చాలక చివర్లో చేతిని మొత్తం బిగిస్తాం. ఆ బిగింపుకే గొట్టం మూతి కిందికీ ఎడమకూ వంగుతుంది. గురిదిమ్మెను (గురి చూసుకునే గుబ్బను) తప్పు పట్టకండి.

సాధన కోసం ఖాళీగా హ్యామర్ (వెనకనుంచి కొట్టే సుత్తి) పడనిచ్చేటప్పుడు ఉత్తుత్తి తూటాలు వేయండి. బాండ్ ఉక్కు గట్టిదే అయినా అలవాటు మంచిది. .22 రిమ్‌ఫైర్ (అంచు మీద కొడితే పేలే తూటా) పాత డెరింజర్లలో ఖాళీగా హ్యామర్ పడితే తూటాను పేల్చే పిన్ను నేరుగా చాంబర్ (తూటా కూర్చునే గది) అంచును కొడుతుంది. అక్కడ సొట్ట పడితే ఇక తూటా సరిగా కూర్చోదు.

ఇక తన్నడం గురించి. మీ తుపాకీ బరువు దాదాపు 22 ఔన్సులు, అంటే 620 గ్రాములు. .45 కోల్ట్ తూటా 1870ల నాటి పెద్ద రివాల్వర్ కోసం పుట్టింది. 250 గ్రెయిన్ల (సుమారు 16 గ్రాముల) సీసాన్ని విసిరే తూటా అది. పైగా గొట్టం మీ చేతికి బాగా ఎత్తున ఉంటుంది, కాబట్టి తన్నిన ప్రతిసారీ తుపాకీ వెనక్కి రావడమే గాక చేతిలో పైకి తిరుగుతుంది. తిరిగేటప్పుడు గార్డు వేలిని కొడుతుంది. మూడు పనులు చేయవచ్చు. వేళ్లు మూడూ పట్టేలా పొడవైన పిడి బిగించండి. కౌబాయ్ పోటీల కోసం తక్కువ మందుతో చేసే .45 కోల్ట్ తూటాలు కొనండి. అదీ చాలకపోతే .38/.357 గొట్టాల జత కొనండి. బాండ్ ఫ్రేముల్లో చాలావాటికి గొట్టాలు మారతాయి, కీలు దగ్గర ఒక్క స్క్రూ తీస్తే చాలు. అందులో .38 స్పెషల్ మాత్రమే వేయండి. .357 పడుతుంది గానీ మీ వేలికి ఇప్పటి బాధ కంటే ఎక్కువే అవుతుంది.

రెండో చెయ్యి ఎక్కడ పెడుతున్నారో రాయలేదు. గొట్టం మూడున్నర అంగుళాలే. ఎడమచేతి వేలు ముందుకు జారితే మూతి దగ్గరికి వెళ్తుంది. రెండు బొటనవేళ్లూ వెనకే ఉండాలి. చూపుడువేలిని గొట్టం పక్కన చాపి నడిమి వేలితో ట్రిగ్గర్ లాగమని కొందరు చెబుతారు. దయచేసి ఆ పని చేయవద్దు.

రేగుపండు (ఫ్రిస్కో, టెక్సాస్)

మీ ఆవిడ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. వద్దండీ. దీనితో మొదలుపెట్టించవద్దు.

చిన్న చేతికి చిన్న తుపాకీ అని దుకాణాల్లో చూపిస్తారు. ఆడవాళ్ల చేతిలో మొదట పెట్టేది ఇలాంటిదే. తుపాకీ ఎంత చిన్నదైతే అంత గట్టిగా తన్నుతుంది, గురిదిమ్మెలు అంత దగ్గరగా ఉంటాయి, చిన్న వణుకు కూడా అంత పెద్ద దూరంగా మారుతుంది. మొదటి తూటాకే చెయ్యి నొప్పి పుట్టినవాళ్లు రెండో తూటాకు కళ్లు మూసుకుంటారు. ఆ అలవాటు పోగొట్టడానికి నేర్పేవాళ్లు పడే శ్రమ నేను ఎన్నోసార్లు చూశాను. నాలుగంగుళాలకు తక్కువ లేని గొట్టం ఉన్న .22 రివాల్వర్‌తో మొదలుపెట్టించండి. శబ్దం తక్కువ, తన్ను తక్కువ, మనసు గురి మీదే ఉంటుంది. డెరింజర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇంకొక మాట. దీన్ని హ్యాండ్‌బ్యాగులో వేసుకోవచ్చు కదా అనే ఆలోచన ఇంట్లో ఎవరికి వచ్చినా అక్కడే ఆపేయండి. తాళాలు, పెన్నులు, లిప్‌స్టిక్ మధ్య హ్యామర్ బయటికి కనిపించే తుపాకీ వద్దు. ఒంటికి కట్టుకున్న తోలు తొడుగులో ఉండాలి, లేదా తాళం వేసిన పెట్టెలో ఉండాలి. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకు అందేలా తూటాలున్న తుపాకీ వదిలేయడం నేరం. అందుకున్న పిల్లలు దాన్ని పేల్చి ఎవరికైనా తీవ్రగాయమైతే శిక్ష ఇంకా పెద్దది. పిల్లలకు ఇది బొమ్మలాగే కనిపిస్తుంది, అరచేతిలో సరిపోతుంది.

పాతసామాను (ఫిలడెల్ఫియా)

ఈ చర్చ చూసి చాలా సంతోషించాను, ఎందుకంటే ఈ వస్తువు పుట్టింది మా ఊళ్లోనే. హెన్రీ డెరింజర్ ఫిలడెల్ఫియాలో తుపాకులు చేసేవాడు. ఆయన చేసినవి ఒకే గొట్టం, ఒకే తూటా, మూతి నుంచి మందు కూరేవి. జతగా అమ్మేవారు. 1865 ఏప్రిల్ 14 రాత్రి ఫోర్డ్స్ థియేటర్‌లో లింకన్‌ను జాన్ విల్క్స్ బూత్ కాల్చింది అలాంటి దానితోనే. ఒక్క తూటా అయిపోగానే దాన్ని పారేసి, అడ్డుపడిన మేజర్ రాత్‌బోన్ మీద కత్తి దూశాడు. ఆ తుపాకీ ఇప్పటికీ వాషింగ్టన్‌లో ఆ థియేటర్ ప్రదర్శనశాలలో ఉంది. చూశాను. అద్దం వెనక అంత చిన్న వస్తువు ఒక దేశం నడకను మార్చిందంటే నమ్మబుద్ధి కాదు.

కొత్తమడి గారి దగ్గరున్నది మాత్రం ఆ వంశం కంటే రెమింగ్టన్ వంశానికి దగ్గర. విలియం ఎలియట్ రూపకల్పన, 1866 నుంచి 1935 దాకా న్యూయార్క్ రాష్ట్రంలోని ఇలియన్‌లో చేశారు. లక్షన్నర వరకు తయారయ్యాయి. ఒకదాని మీద ఒకటిగా మూడంగుళాల గొట్టాలు, కుడిపక్క చిన్న మీట తిప్పితే పైకి లేస్తాయి. అన్నిటికంటే నాకు నచ్చేది ఫైరింగ్ పిన్ను. హ్యామర్ ఎత్తిన ప్రతిసారీ అది ఒక మెట్టు జరిగి, ఒకసారి పై గొట్టానికి, మరోసారి కింది గొట్టానికి ఎదురవుతుంది. దీపం దగ్గర పెట్టి హ్యామర్‌ను నెమ్మదిగా ఎత్తుతూ చూస్తే ఆ చిన్న ఉక్కు ముక్క పైకీ కిందికీ కదలడం స్పష్టంగా కనిపిస్తుంది. ఎలక్ట్రిసిటీ బల్బు రాకముందు ఆకురాయి పట్టి చేసిన పని అది.

దాని తూటా .41 రిమ్‌ఫైర్. 130 గ్రెయిన్ల సీసం, సెకనుకు 425 అడుగుల వేగం. అంటే శబ్దం కంటే బాగా నెమ్మది. బల్ల కింద నుంచి పేకాటగాడు పేల్చే దూరానికి చేసినది.

నా దగ్గర ఒకటి ఉంది. పేల్చను. ఎవరైనా పాతది కొనేటట్టయితే ముందు కీలు చూడండి. గొట్టాల వెనక, ఫ్రేము పై కొసన ఉండే రెండు చెవుల్లాంటి భాగాలు పలచన. అక్కడ సన్నటి పగులు ఉండటం చాలా మామూలు. చౌకగా దొరికిందంటే చాలావరకు కారణం అదే. గొట్టం మీది రాత కూడా చదవండి. ఈ. రెమింగ్టన్ అండ్ సన్స్ అని ఉంటే 1888కి ముందుది. ఆ ఏడాది కంపెనీ చేతులు మారి రెమింగ్టన్ ఆర్మ్స్ కంపెనీ అయింది. చివర్లో వచ్చినవాటి మీద యు.ఎం.సి. (యూనియన్ మెటాలిక్ కార్ట్రిడ్జ్ అనే తూటాల కంపెనీ) పేరు కూడా కలుస్తుంది. ఈ రాతకు చట్టంలో విలువ ఉంది. 1898 దాకా తయారైనవి 1968 ఫెడరల్ చట్టం దృష్టిలో పురాతన వస్తువులు, ఆ తరువాతవి మామూలు తుపాకులు. రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండవచ్చు, మీ రాష్ట్రానివి చూసుకోండి.

సాయంత్రపుగాలి (ఎడిసన్, న్యూజెర్సీ)

చదువుతున్నాను గానీ ఒక మాట అడగకుండా ఉండలేకపోతున్నాను. పామును చూస్తే పక్కకు తప్పుకుంటే చాలదా? దానికీ మన మీద కోరిక లేదు, దారి ఇస్తే పోతుంది. తుపాకీ తీసి, హ్యామర్ ఎత్తి, మూడు గజాల దగ్గరికి వెళ్లేవాడే కాటుకు దగ్గరవుతాడు. పైగా సున్నపురాయి అంటున్నారు. రాతి మీద పడ్డ సీసపు గుళిక ఎటు ఎగురుతుందో ఎవరికి తెలుసు? మనం చదువుకుని, పిల్లలను పెంచుకోవడానికి వచ్చాం. ఇంట్లోకి తుపాకీ తెచ్చుకోవాల్సిన అవసరం నాకు ఎంత ఆలోచించినా కనిపించడం లేదు. నొప్పించాలని రాయలేదు.

కొత్తమడి

సాయంత్రపుగాలి గారూ, మీరు అడిగిందీ సబబే, అడిగిన తీరూ బాగుంది. పాము దారిన అది పోతుంటే నేనూ పోనిస్తాను. పంపు గది తలుపు వెనక, కుక్క నీళ్లు తాగే తొట్టె పక్కన చుట్ట చుట్టుకుని ఉన్నదాన్ని వదిలిరాలేను. అక్కడ పనిచేసే మనిషి చెయ్యి పెట్టే చోటు అది. రాతి సంగతి మాత్రం మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కళ్లద్దాలు లేకుండా పేల్చను, మట్టి నేల ఉన్నవైపుకే పేలుస్తాను. తెలిసిన వాళ్లతో కలిసి లక్ష్యం మీద కాల్చడం నాకు ఇష్టమైన పని కూడా. అవసరం వల్లనే కొన్నానని చెబితే అది సగం నిజమే అవుతుంది.

ఉక్కునగరం

ఇది వచ్చింది కాబట్టి సొంత భూమిలో పేల్చడం గురించి. టెక్సాస్‌లో మీరు పేల్చిన తూటా మీ హద్దు దాటి పక్కవారి భూమిలోకి వెళ్తే అది నేరం. పట్టణ పరిధి బయట ఉన్న లేఅవుట్లలో పది ఎకరాలు, అంతకంటే తక్కువ ఉన్న స్థలాల్లో పేల్చకూడదని కౌంటీ నిషేధించవచ్చు. మీ కౌంటీ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. లక్ష్యం వెనక ఎత్తైన మట్టికట్ట వేయించండి.

.410 గురించి కూడా ఒకటి. గొట్టం లోపల మరగాడులు (స్క్రూ మరలా చుట్టు తిరిగే గాడులు) ఉంటాయి. తూటాను తిప్పడానికి పనికొచ్చే ఆ గాడులే గుళికల గుత్తిని కూడా తిప్పుతాయి. తిరిగిన గుళికలు బయటికి రాగానే చుట్టూ పరుచుకుంటాయి. దగ్గరలో గుత్తిగా పడేవి, దూరం పెరిగేకొద్దీ నడుమ ఖాళీ ఉన్న వలయమవుతాయి. అట్ట మీద పేల్చి చూస్తే కళ్లకు కడుతుంది. గాడులు లేని నున్నటి గొట్టం పెట్టుకుంటే బాగుండునని అడగకండి. 1934 చట్టం కింద అది వేరే వర్గంలోకి పోయి ముందుగా రిజిస్ట్రేషన్ కావాలి. కాలిఫోర్నియా మిత్రులకు: .410 పేల్చే చేతి తుపాకీ మీ దగ్గర పొట్టి షాట్‌గన్ కింద లెక్క, ఉంచుకోవడమే నేరం. ఈ చర్చ చదివి కొనకండి.

వేసవిసెలవు (డాలస్)

నేను హెచ్-1బి మీద ఉన్నాను. కొనాలని లేదు. ఎవరైనా రేంజ్‌కి వెళ్తుంటే వాళ్ల తుపాకీతో ఒకసారి పేల్చి చూడాలని మాత్రం కోరిక. అందులో ఇబ్బంది ఏమీ ఉండదు కదా?

రేగుపండు

ఉంటుంది తమ్ముడూ, చాలా పెద్ద ఇబ్బంది. మన వాళ్లలో ఎక్కువమందికి తెలియని సంగతి ఇది, అందుకే వివరంగా రాస్తున్నాను. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1, సందర్శక వీసా, ఇవన్నీ వలసేతర వీసాలు. ఈ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ చేతిలో ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. కొనడం దాకా పోనక్కరలేదు. స్నేహితుడి తుపాకీ రేంజ్‌లో పట్టుకోవడం కూడా అందులోకే వస్తుంది. శిక్ష 15 ఏళ్ల దాకా ఉండవచ్చు, ఆపైన దేశం నుంచి పంపేసే కేసు.

మినహాయింపు ఉంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు ముగియని వేట లైసెన్స్ ఉంటే ఆ నిషేధం వర్తించదు. అందుకే కొందరు ముందుగా వేట లైసెన్స్ తీసుకుని రేంజ్‌కి వెళ్తారు. అది నిజమైనదై, గడువులో ఉండి, జేబులో ఉండాలి. అయినా వీసా మీద ఉన్నవాళ్లు ఒక ఇమ్మిగ్రేషన్ లాయరును అడగకుండా ఈ పని చేయవద్దని నా మాట. రేంజ్‌లో ఉన్నవాళ్లు అడగలేదు కాబట్టి పరవాలేదని అనుకోవద్దు. గ్రీన్ కార్డు వచ్చాక 21 ఏళ్లు నిండినవాళ్లు దుకాణంలో ఫారం నింపి పిస్టల్ కొనుక్కోవచ్చు. అప్పటిదాకా ఓపిక పట్టు. చూడటానికి రా, చెవులకు మఫ్‌లు నేనిస్తాను.

వేసవిసెలవు

నిజంగా తెలియదు అక్కా. మా గదిలో నలుగురం వచ్చే వారం వెళ్దామనుకున్నాం. వాళ్లకు ఇప్పుడే చదివి వినిపించాను. ధన్యవాదాలు.

తాటిముంజ (విజయవాడ)

ఇక్కడి నుంచి ఒక మాట. మీలో రేంజ్‌కి వెళ్లే వాళ్లంతా ఇండియా ప్రయాణానికి ముందు సంచులు దులపండి. రేంజ్‌కి తీసుకెళ్లిన వీపు సంచినే విమానానికీ తెచ్చుకుంటారు. లోపలి జేబు కుట్టు సందులో ఒక్క .22 తూటా మిగిలినా, శంషాబాద్‌లోనో గన్నవరంలోనో స్కానర్‌లో కనిపిస్తుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా దగ్గర ఉండటమే నేరం, తుపాకీ ఉండనక్కరలేదు. తెలియక వచ్చిందని కోర్టులో తేలేలోపు సెలవులన్నీ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడానికే సరిపోతాయి. సంచి జేబులన్నీ తిరగేసి, దులిపి, వెలుతురులో చూసి సర్దుకోండి. ఇంకా మంచిది, రేంజ్ సంచిని రేంజ్‌కే ఉంచండి.

లైసెన్స్ సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే అక్కడి నుంచి వచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఇక్కడ జిల్లాల్లో కలెక్టరు, నగరాల్లో పోలీసు కమిషనరు ఇస్తారు. ప్రాణానికి ముప్పు ఉందనో, పంట కాపలాకనో కారణం చూపాలి. 2019 సవరణ తరువాత ఒకరికి రెండు తుపాకులే. అమెరికాలో కొన్నది వెంట తెచ్చుకుందామనే ఆలోచన మాత్రం మనసులోంచి తీసేయండి.

పాతసామాను

తాటిముంజ గారు చెప్పింది బంగారం లాంటి మాట. నిర్వాహకులు ఆ టపాను పైన అతికించి పెడితే బాగుంటుంది.

కొత్తమడి గారూ, అసలు ముఖ్యమైనది ఎవరూ రాయలేదు. హ్యామర్ ఎత్తాక పేల్చకూడదని నిర్ణయించుకుంటే ఏం చేస్తారు? పాము పొదలోకి పోయింది, హ్యామర్ మాత్రం ఎత్తి ఉంది. చాలామంది బొటనవేలితో పట్టుకుని ట్రిగ్గర్ నొక్కి నెమ్మదిగా దించుతారు. చెమట పట్టిన వేలు జారితే తూటా పేలుతుంది. మూతి నేలవైపు ఉంచి, సేఫ్టీ వేసి, మీట నొక్కి గొట్టాలు తెరవండి. రెండు తూటాలూ తీసేశాక హ్యామర్ దించండి. నిదానమైన పద్ధతే, కానీ చెయ్యి జారినా ఏమీ కాదు. పాత రెమింగ్టన్‌లో ఇది ప్రాణావసరం. అందులో హ్యామర్ పూర్తిగా దిగితే పిన్ను తూటా అంచును తాకుతూ ఉంటుంది, కింద పడితే పేలగలదు. బాండ్‌లో హ్యామర్ తనంతట తాను కాస్త వెనక్కి జరిగి నిలుస్తుంది, అడ్డంగా తోసే సేఫ్టీ కూడా ఉంది. అయినా ఒకే అలవాటు రెండింటికీ పనికొస్తుంది.

కొత్తమడి

వారాంతంలో మీరు చెప్పినవన్నీ చేసి చూశాను. ట్రిగ్గర్‌ను కిందికి లాగడం మొదలుపెట్టగానే ఎడమవైపుకు పోవడం ఆగింది. కిందికి పోవడం కూడా చాలావరకు తగ్గింది. పొడవైన పిడి వచ్చింది, చిటికెన వేలికి చోటు దొరికింది. కౌబాయ్ తూటాలతో గార్డు వేలికి తగులుతుంది గానీ నొప్పి లేదు. 5 గజాల్లో కాగితం పళ్లెంలో పడుతున్నాయి. ముందు గురిదిమ్మెకు ఎర్ర రంగు పూశాను, ఎండలో ఉక్కు మెరుపులో అది కనిపించేది కాదు.

గమనించింది ఇంకొకటి: పై గొట్టం తూటాలు, కింది గొట్టం తూటాలు ఒకే చోట పడటం లేదు. రెండు అంగుళాల తేడా ఉంది. .410 పేల్చాక ఖాళీ డొల్లలు గట్టిగా పట్టేస్తున్నాయి, డొల్లను బయటికి లేపే ఎక్‌స్ట్రాక్టర్ కొద్దిగా లేపి వదిలేస్తోంది, గోరుతో లాగాల్సి వస్తోంది.

ఉక్కునగరం

రెండు అంగుళాలంటే బాగానే ఉన్నట్టు. రెండు గొట్టాలనూ ఒకే బిందువుకు కలపడం కష్టమైన పని, అదీ ఒక్క దూరానికీ ఒక్క తూటాకే కుదురుతుంది. ఏ గొట్టం ముందు పేలుతుందో గుర్తుపెట్టుకుని, పాము కోసమైతే అందులో .410, రెండోదానిలో కూడా .410 వేయండి. కలిపి వేసే సరదా వద్దు, ఏది పేలబోతోందో చూసుకునే తీరిక అప్పుడు ఉండదు. డొల్లలకు వేలెడు పొడవున్న చెక్క పుల్ల జేబులో ఉంచండి, మూతి నుంచి తోస్తే వచ్చేస్తాయి. ఇంటికి వెళ్లగానే చాంబర్లను ఇత్తడి బ్రష్‌తో రుద్దండి. .410 ప్లాస్టిక్ కరిగి పూతలా అంటుకుంటుంది, దానివల్లే పట్టేస్తున్నాయి.

పాతసామాను

పాతకాలపు తుపాకులతో వేషాలు కట్టుకుని పోటీ పడే సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ వారి పోటీల్లో డెరింజర్లకు విడిగా చిన్న పోటీ పెడతారు, చాలా దగ్గరి దూరం. టెక్సాస్‌లో ఆ క్లబ్బులు చాలా ఉన్నాయి. రెండు తూటాలు పేల్చి, తెరిచి, డొల్లలు తీసి, మళ్లీ నింపడం అక్కడి వాళ్ల చేతుల్లో చూస్తే మీకు పట్టు గురించి కొత్త సంగతులు తెలుస్తాయి.

రేగుపండు

మీ ఆవిడను శనివారం ఉదయం తీసుకురండి. రేంజ్ తెరిచిన మొదటి గంటలో జనం ఉండరు, పక్క వరుసలో పెద్ద తుపాకుల మోత ఉండదు. నా .22 రివాల్వర్, రెండు రకాల చెవి మఫ్‌లు తెస్తాను. మూసి ఉన్న బూట్లు, మెడ దాకా ఉన్న చొక్కా వేసుకోమని చెప్పండి, పక్కవాళ్ల వేడి డొల్లలు మెడలోంచి లోపల పడతాయి. మీ డెరింజర్‌ను ఆ రోజు సంచిలోనే ఉంచండి, ఆవిడ అడిగితే తప్ప.